మూడువందల అరవై ఆకులు

మనిషి ఒంట్లో ఎన్ని ఎముకలుంటాయని ఖగేన్ కర్మకార్‌ని మా సందులో మొట్టమొదట అడిగింది నేనే. వాడు ఆ పనిలో పడ్డాక వాడింట్లో మొట్టమొదట టీ తాగిందీ నేనే. రెండూ ఒక్కరోజే జరిగాయి.

ఖగేన్ పోయి రెండు దుర్గాపూజలు దాటాయి. వాడి గదికి తాళం వేసి ఉంది. కిటికీ ఊచకి వాడు చుట్టిపెట్టిన ఇత్తడి తీగ మాత్రం ఇంకా అక్కడే వేలాడుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే ఏదో అంటుకుంటుందని ఈ కాలంలో కూడా భయమే మా వాళ్లకి. ఆ తీగ చూసినప్పుడల్లా వాడి సంగతి రాసిపెట్టాలనిపిస్తుంది. నేను చదివింది నాలుగో తరగతి. కానీ ఈ సందులో ఎవరింట్లో ఏం జరిగిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కనక రాయాల్సిందీ నేనే.

ఖగేన్ మొదట పక్షుల పంజరాలు అల్లేవాడు. మైనాలకి, చిలకలకి, మునియాలకి. ఆదివారం పక్షుల సంతలో వాడి పంజరమంటే అడిగి మరీ కొనుక్కునేవాళ్లు. తీగని రెండు వేళ్ల మధ్య ఒక్కసారి జారనిస్తే చాలు, ఎక్కడ వంగుతుందో ఎక్కడ విరుగుతుందో వాడికి తెలిసిపోయేది. ఒకరోజు లాహా బాబు అని ఒకాయన వాళ్లావిడ పెంచుకునే మైనాకి పంజరం కొందామని వచ్చాడు. డాక్టరీ చదివే పిల్లలకి, ఇక్కడా బయటి దేశాల్లోనూ, అస్థిపంజరాలు సరఫరా చేసే వ్యాపారం ఆయనది. చేతిలో పంజరాన్ని తిప్పితిప్పి చూసి, "ఇంత సన్నగా కడుతున్నావు, మనిషి పంజరం కట్టగలవా?" అన్నాడు. ఖగేన్ కాసేపు ఆలోచించి, "కట్టగలను బాబూ, మరి ఆ మనిషి పొడుగెంత? లోపల కూర్చుంటాడా, పడుకుంటాడా?" అని అడిగాడు. ఆ మాట చెప్పుకుని మా సందులో ఎంత నవ్వుకున్నామో!

నవ్వులు ఎన్నాళ్లో సాగలేదు. లాహా బాబు దగ్గర్నుంచి వాడింటికి గోనెసంచులు రావడం మొదలయింది. లోపల ఏముందో అందరికీ తెలుసు. వీధి పంపు దగ్గర ఖగేన్ వదిన ననీబాల బిందె పెడితే, పక్కనున్న బిందెలు ఒక్కొక్కటే వెనక్కి జరిగేవి. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. బిందెలే అనేవి. నేను కూడా ఎనిమిది రోజులు ఆగాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఇక కాళ్లు ఆగలేదు.

"ఒరే ఖగేన్, లోపలికి రావచ్చట్రా?"

"రండి మాశీమా. కాలు చూసుకుని పెట్టండి, అక్కడ ఇంకొకళ్ల కాలుంది."

చిన్నా పెద్దా తేడా లేకుండా ఈ సందులో అందరికీ నేను మాశీమానే, తల్లికి చెల్లెలి వరస. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని చాప అంచున కూర్చున్నాను. గదిలో వాసనేమీ లేదు. సున్నం వాసన తప్ప. కిటికీ కింద ఎముకలు శుభ్రంగా వరసగా పేర్చి ఉన్నాయి, మా కోడలు దేవుడి సామాను తోమి ఆరబెట్టినట్టు.

"ఎన్నిరా ఇవి మొత్తం?"

"రెండొందల ఆరు, మాశీమా. పెద్దవాళ్లకి."

"అంటే పిల్లలకి తక్కువా?"

"ఎక్కువ. పుట్టినప్పుడు మూడొందల దాకా ఉంటాయట. పెరిగేకొద్దీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి."

"అంటే పెరుగుతున్నామనుకుంటూ తరిగిపోతున్నామన్నమాట! సరే, ఈ ఉన్ని ముక్కలెందుకురా? చలేస్తుందనా వీళ్లకి?"

హార్మోనియం దుకాణంలో పారేసే దళసరి ఉన్నిబట్టని బిళ్లల్లా కత్తిరించి ఒక పళ్లెంలో పోసుకున్నాడు. ఒక ఇత్తడి కడ్డీకి వెన్నుపూసలు గుచ్చుతున్నాడు, పూసకీ పూసకీ మధ్య ఒక బిళ్ల చొప్పున.

"పూసల మధ్య మెత్తలుంటాయి మాశీమా. పోయాక అవి కుళ్లిపోతాయి, ఎముకే మిగులుతుంది. అవి లేకుండా గుచ్చితే మనిషి జానెడు పొట్టివాడైపోతాడు. అందుకని ఉన్ని పెడతాను."

"మరి బతికుండగానే ఆ మెత్త పాడైతే?"

"నొప్పి. లాహా బాబు దగ్గరికొచ్చే డాక్టరు ఒకాయన చెప్పాడు. మెత్త జారి నరం మీద పడితే మనిషి లేచి నిలబడలేడట."

"ఎక్స్‌రే తీస్తే కనబడదా?"

నేను ఊరికే అడిగాను. నాకు తోచిందల్లా అడగడం నా అలవాటు. ఖగేన్ చేతిలో కడ్డీ ఆగిపోయింది. అవతల వంటగదిలో గిన్నె తోముతున్న చప్పుడు కూడా ఆగిపోయింది.

"కనబడదు మాశీమా," అన్నాడు వాడు. "ప్లేటులో ఎముకే కనబడుతుంది. మెత్త కనబడదు. నాకు ఇప్పుడు తెలిసింది."

ననీబాల టీ కప్పు తెచ్చి నాకు కాస్త దూరంగా పీట మీద పెట్టింది. చేతికిస్తే పుచ్చుకుంటానో లేదోనని. ముంజేతులకి తెల్లటి శంఖు గాజులు, పాపిట నిండా సిందూరం, మాలో ముత్తయిదువ గుర్తులు. నేను కప్పు తీసుకుని తాగాను. మూడేళ్ల కిందట ఆ ఇంట్లో జరిగింది నేను మా అరుగు మీంచి విన్నాను.

ఖగేన్ అన్న పేరు తారాపద. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే ఖగేన్‌ని పెంచింది ఆ అన్నా వదినలే. ననీబాల కాపురానికొచ్చేసరికి ఖగేన్‌కి ఏడేళ్లు. వాడికి అన్నం కలిపి పెట్టడమే ఆమె మొదట నేర్చుకున్న కాపురం. తారాపద గంగ ఒడ్డున ఒక జనపనార గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. బలమైన మనిషి. మా ఇంటి ఇనప్పెట్టె ఒక్కడే భుజానికెత్తుకుని మేడ మీద పెట్టాడు. అరవై ఆరులో ఒక వానరోజు, పడవకీ గట్టుకీ మధ్య వేసిన పలక మీంచి బస్తాతో సహా జారాడు. పైకి దెబ్బేమీ కనపడలేదు. లేవబోతే లేవలేకపోయాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే ప్లేటు తీశారు. ఎముక విరగలేదన్నారు. ఒక్క విశేషం మాత్రం చెప్పారు, అందరికీ నడుములో పూసలు ఐదుంటే ఇతనికి ఆరున్నాయట. పుట్టుకతో అలా కొందరికి ఉంటుందట, దానివల్ల బాధేమీ లేదట. గిడ్డంగి మేస్త్రీ ఆ మాట విని పదిమందిలో నవ్వాడు. "మాకంటే ఒకటి ఎక్కువే పెట్టుకుని కూర్చున్నావు, ఇంకా మోయలేనంటావేంట్రా! నాటకాలా?"

తారాపద మూడు నెలలు చాప మీదే ఉన్నాడు. ఎడమకాలు మంటపెట్టినట్టుందనేవాడు. చీమలు పాకుతున్నాయనేవాడు. ఒక్కొక్కసారి పక్కకి తిరగాలన్నా పళ్లు బిగబట్టి గోడ పట్టుకునేవాడు. మొదట్లో అందరం జాలిపడ్డాం. తరవాత తరవాత, నిజం చెప్పాలి కదా, మాలో కూడా కొందరం మొహమొహాలు చూసుకున్నాం. ప్లేటులో ఏమీ లేదు మరి.

ఒక సాయంత్రం ఖగేన్ సంత నుంచి అలిసిపోయి వచ్చాడు. వాడికప్పుడు ఇరవై రెండేళ్లు. గూట్లోంచి ప్లేటు తీసి, అన్నకి కనబడేలా లాంతరుకి అడ్డంగా పట్టి, "ఇదిగో దాదా, నువ్వే చూడు. ఇందులో ఏమీ లేదు. ఇంకెన్నాళ్లు? లే!" అన్నాడు.

మర్నాడు పొద్దున్న తారాపద గోడ పట్టుకుని, ఆ తరవాత గోడ కూడా వదిలేసి, వంకరగా నడుస్తూ సందు చివరిదాకా వెళ్లాడు. నేను అరుగు కడుగుతున్నాను. "ఎక్కడికి నాయనా?" అని అడిగాను. "ఇంకో ప్లేటు తీయించుకొస్తాను మాశీమా. ఈసారి కనబడుతుందేమో," అన్నాడు. అంతే. మళ్లీ రాలేదు.

ఆసుపత్రులు వెతికారు. ఠాణాలు వెతికారు. ఘాట్లన్నీ తిరిగారు. ఎక్కడా లేడు.

అందుకని లాహా బాబు పని ఇస్తానంటే ఖగేన్ ఎందుకు ఒప్పుకున్నాడో నాకు ఆ టీ తాగుతుండగా అర్థమైంది. దిక్కులేని శవాల ఎముకలే కదా ఆ సంచుల్లో వచ్చేవి. ప్రతి సంచీ విప్పగానే వాడు ముందు నడుము పూసలు ఏరేవాడు. పక్కన తారాపద ప్లేటు పెట్టుకుని లెక్కపెట్టేవాడు. నేను అక్కడుండగానే కొత్త సంచీ ఒకటి విప్పాడు. వంటగదిలోంచి ననీబాల తల బయటికి పెట్టకుండానే అడిగింది.

"ఎన్ని?"

"ఐదే, బౌదీ."

మళ్లీ గిన్నె చప్పుడు మొదలయింది.

ఈ రెండు మాటలూ పాతికేళ్లు విన్నాను. బౌదీ అంటే వదిన. ఆ పిలుపులో వాడి ప్రాణమంతా ఉండేది. సంచీ విప్పిన చప్పుడు, కాస్త ఆగి "ఎన్ని?", "ఐదే, బౌదీ." ఒకసారి కాదు, వందలసార్లు. ఐదన్న ప్రతిసారీ ఆమె మొగుడు బతికున్నట్టే లెక్క. ఆ పూటా చేపముక్క వండుకునేది. నిజానికి ననీకి చేప వాసన పడదు, పుట్టింట్లో తులసిపూసల కంఠీమాల కట్టుకుని నీచు ముట్టని వైష్ణవులు. కానీ మొగుడున్న ఆడది చేప మానకూడదు మాలో, మానితే వాడికి కీడు. కళ్లు మూసుకుని రోజుకొక ముక్క మింగేది.

తారాపద వెళ్లి పన్నెండేళ్లు నిండాయి. మా పురోహితుడు చక్రవర్తి ఒకరోజు ఖగేన్ గుమ్మం దగ్గరికొచ్చాడు. లోపలికి రాలేదు, గొడుగు మూయకుండా బయటే నిలబడ్డాడు.

"చూడు ఖగేన్, పోయినవాడి జాడ పన్నెండేళ్లు తెలియకపోతే శాస్త్రం దారి చెప్పింది. కుశగడ్డితో బొమ్మ చేసి, మూడువందల అరవై మోదుగాకులు ఎముకలుగా పేర్చి దహనం చేయాలి. తలకి నలభై, మెడకి పది, చేతులకి నూరు, నడుముకి ఇరవై... అట్లా లెక్కుంది. మీ అన్నకి గతి కల్పించు. ఆ అమ్మాయిని కూడా ఎన్నాళ్లిలా ఉంచుతావు?"

"మూడొందల అరవయ్యా?" ఖగేన్ తలెత్తాడు. "ఠాకూర్‌మశాయ్, మనిషికుండేవి రెండొందల ఆరు. నా చేత్తో గుచ్చుతున్నాను రోజూ."

"నీ చేతికి అందినవి అన్నేనేమో. రుషులు రాసింది మూడువందల అరవై."

నేను ఊరుకుంటానా! "మరి మిగతా నూటయాభై నాలుగూ ఎక్కడున్నాయి ఠాకూర్‌మశాయ్? మీ ఒంట్లో గానీ ఉన్నాయా?"

"నీకన్నీ కావాలమ్మా!" అని ఆయన గొడుగు తిప్పాడు.

ఖగేన్ నవ్వలేదు. "దాదా నడుములో ఇరవై ఆకులు కాదు, ఆరు పూసలు. వాటిని తెచ్చి కాలుస్తాను. ఆకులు కాల్చను," అన్నాడు. తరవాత, ఆయన వెళ్లిపోయాక, నాతో మెల్లగా అన్నాడు. "మాశీమా, ఒక్కసారి దాదా నడుము నా చేతికి దొరికితే చాలు. పూస అంచులు తడిమితే తెలుస్తుంది. మెత్త పాడైన చోట ఎముక అంచు గరుకెక్కుతుంది. నొప్పి నిజమో కాదో నా వేలికి తెలుస్తుంది. ఆ తరవాతే నిప్పు."

అప్పుడు అర్థమైంది నాకు. వాడు వెతుకుతున్నది అన్నని కాదు. ఆ సాయంత్రం తను అన్న మాటకి జవాబుని.

మరో నాలుగేళ్లకి దొరికింది.

ఆ రోజు పొద్దున్నే సంచీ విప్పిన చప్పుడు వినిపించింది. "ఎన్ని?" అని ననీ అడిగింది. జవాబు రాలేదు. మళ్లీ అడిగింది. నేను పరిగెత్తాను. ఖగేన్ ఆరు పూసలు వరసగా అరచేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. అయిదో పూస అంచు ముళ్లు లేచినట్టు గరుకుగా ఉంది. ప్లేటు వాడి మోకాలి మీద ఉంది. ననీ గుమ్మానికి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని గాజులకేసి చూసుకుంది.

మధ్యాహ్నానికల్లా చక్రవర్తికి కబురెళ్లింది. మర్నాడు పొద్దున్న ఘాటుకి తీసుకెళదామన్నారు. పంపు దగ్గర బిందెలు జరిపిన ఆడవాళ్లే వచ్చి ననీ పక్కన కూర్చున్నారు. ఖగేన్ ఆ సంచీలోవన్నీ కడిగి కొత్త గుడ్డ మీద పేరుస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది, ఏడుస్తూనే ఉన్నాడు. "నిజమే మాశీమా, దాదాకి నొప్పి నిజమే. చూడండి ఈ అంచు. పాపిష్టివాణ్ణి."

నేను వాడి పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడించి వాడి మనసు మళ్లిద్దామనే అనుకున్నాను. దేవుడి మీద ప్రమాణం.

"ఒరే ఖగేన్, ఉత్త ఎముకలు చూసి మగో ఆడో చెప్పగలరా?"

"తుంటి చూస్తే తెలుస్తుంది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. నాకు చూపించడమంటే వాడికి ఎప్పుడూ సరదా. తుంటి ఎముక చేతిలోకి తీసుకున్నాడు. "ఇదిగో, వెనక ఈ గండి ఉంది చూశారా. ఇందులో బొటనవేలు పెట్టాలి. మగవాడిదైతే వేలు బిగుసుకుంటుంది. ఆడమనిషిదైతే వెడల్పు కదా, వేలు అటూ ఇటూ..."

వాడి బొటనవేలు ఆ గండిలో అటూ ఇటూ ఆడింది.

ఇంకోసారి పెట్టి చూశాడు. రెండో తుంటి ఎముక తీసి చూశాడు. పొద్దుట నుంచీ పూసలే చూశాడు గానీ తుంటి చూడలేదు. ఆ సంగతి పనిలో చేరిన మొదటి నెలవాడికి కూడా తెలుస్తుంది. పదమూడేళ్ల చెయ్యి వాడిది. చూడదలచుకోలేదు, అంతే.

గదిలో అందరం చూస్తున్నాం. ఖగేన్ ఎముకని మెల్లగా గుడ్డ మీద పెట్టాడు.

"ఎవరో తల్లి," అన్నాడు. "పాపం, ఈవిడకి కూడా నడుం నొప్పే."

ననీబాల లేచి వంటగదిలోకి వెళ్లింది. కాసేపటికి నూనెలో చేప వేగిన వాసన వచ్చింది. మా కోడలు నన్ను ఇంటికి లాక్కుపోయి, "ఆ ప్రశ్న ఇంకో రెండు రోజులాగి అడిగితే ఏం పోయేదమ్మా మీకు!" అంది. ఇప్పటికీ నాకు తెలియదు. అడిగి మంచి చేశానో, పాడు చేశానో.

ఆ తల్లిని ఖగేన్ పంజరంగా కట్టలేదు. ఆ ఆరు పూసలతో సహా గుడ్డలో చుట్టి గంగలో వదిలేసి వచ్చాడు.

ఆ తరవాత కాలం వాడిని కూడా తరగ్గొట్టింది. ఎముకలు బయటి దేశాలకి పంపకూడదని సర్కారు ఆపేసింది. సంచులు తగ్గాయి. ఇంకొన్నేళ్లకి ప్లాస్టిక్ అస్థిపంజరాలు వచ్చాయి. లాహా బాబు దుకాణం ఎత్తేశాడు. ఖగేన్ మళ్లీ పంజరాలు అల్లడానికి కూర్చున్నాడు గానీ, చూపు తగ్గింది, వేళ్లు వణికేవి. పాత సంచులు ఒకటో రెండో మూలనుంటే, వాటినే మళ్లీ విప్పి లెక్కపెట్టేవాడు. వదిన కూడా అడిగేది. "ఐదే, బౌదీ." కొత్త జవాబు రాదని ఇద్దరికీ తెలుసు.

అలా ఉండగా నాకు నడుం పట్టేసింది. డెబ్బైలో పడ్డాను, పట్టేయదా! ఎడమకాలంతా మంట. పెద్దరోడ్డు మీద కొత్తగా పెట్టిన స్కానింగు సెంటరుకి మా కోడలు తీసుకెళ్లింది. గొట్టంలాంటి యంత్రంలోకి తోస్తారట, అరగంట కదలకూడదట.

"కదలకపోవడం సరే," అంది మా కోడలు అక్కడున్న అబ్బాయితో, "మాట్లాడకూడదని చెప్పండి ఈవిడకి. అదే కష్టం."

ఆ అరగంట నా చెవుల పక్క ఎవరో రేకులు బాదినట్టే ఉంది. బయటికి రాగానే నల్లటి ఫిలిం చేతికిచ్చారు. వెలుతురుకి పట్టి చూశాను. ఎముకలు బూడిదరంగులో, వాటి మధ్య తెల్లతెల్లగా బిళ్లలు.

"ఇవేంటి నాయనా?"

"డిస్కులమ్మా. పూసల మధ్య మెత్తలు. ఇదిగో, కిందది నల్లబడి వెనక్కి జారింది చూడండి. నరాన్ని నొక్కుతోంది. మీ నొప్పి ఇదే."

"ఇదంతా మామూలు ఎక్స్‌రేలో కనబడదా?"

"ఎక్స్‌రేలో ఎముకలే కనబడతాయమ్మా. ఇందులో ఎముక బాగానే ఉంది మీకు."

నేను ఇంటికి రాలేదు. కుంటుతూనే ఖగేన్ గుమ్మం ఎక్కాను. వాడు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఫిలిం వాడి చేతిలో పెట్టి ఆ అబ్బాయి చెప్పిందంతా చెప్పాను. వాడు కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టాడు. ఒకప్పుడు లాంతరుకి అడ్డంగా పట్టినట్టే. ఎంతసేపు చూశాడో! వేలితో ఒక్కొక్క పూసా తడిమాడు, ఫిలిం మీదే.

"మీకు ఐదే, మాశీమా," అన్నాడు చివరికి.

తరవాత ఆ నల్లబడిన మెత్త దగ్గర వేలు ఆపాడు. "కనబడుతోంది కదూ."

"కనబడుతోందిరా."

"ఎముక బాగానే ఉందన్నాడా ఆ అబ్బాయి?"

"బాగానే ఉందన్నాడు."

"కాలు మంటా?"

"మంటే. చీమలు పాకుతున్నట్టుంది."

వాడు ఫిలిం దించి ఒళ్లో పెట్టుకున్నాడు. గూట్లోంచి తారాపద ప్లేటు తీసి పక్కన పెట్టుకున్నాడు. పాతికేళ్లు దాటిన ప్లేటు, అంచులు పసుపెక్కి పెచ్చులు లేచాయి. "దాదా ఇదే చెప్పాడు మాశీమా. అచ్చం ఇవే మాటలు." భుజాలు కదిలిపోయాయి. నా కళ్ల ముందు పెరిగినవాడు, నాకంటే ముసలివాడైపోయాడు. వీపు నిమిరాను. వంటగది గుమ్మంలో ననీ నిలబడి ఉంది. ఆమె ఏమీ అడగలేదు.

ఆ నెలలోనే ఖగేన్ చక్రవర్తి ఇంటికి వెళ్లి, "ఆకులు కాలుస్తాను ఠాకూర్‌మశాయ్," అన్నాడు.

మోదుగాకులు పూలబజారు నుంచి తెప్పించారు. ముందురోజు మధ్యాహ్నం నేను ననీకి ఇలిశ చేపముక్క ఆవపెట్టి వండి తీసుకెళ్లాను. అదే ఆఖరుది కదా, విధవ చేప ముట్టకూడదు మాలో. ననీ ముక్క వేలితో తుంచి, ముళ్లు తీసి, ఎప్పటిలా కళ్లు మూసుకుని మింగబోయింది. మళ్లీ కళ్లు తెరిచింది. "మాశీమా, ఆయన వెళ్లినప్పటి నుంచీ ఇరవై ఏడేళ్లు, కళ్లు మూసుకునే మింగాను దీన్ని. ఇవాళ రుచి తెలుస్తోంది," అని కంచం ముందు వంగి ఏడ్చింది.

బొమ్మ కట్టడానికి చక్రవర్తి తమ్ముడు వస్తానన్నాడు. ఖగేన్ వద్దన్నాడు. "మా వాళ్లని నేనే కట్టుకుంటాను."

ఘాటు మెట్ల మీద, పొద్దుటి ఎండలో కూర్చుని కట్టాడు. వేళ్లు వణుకుతున్నా తప్పు పోలేదు. కుశగడ్డి మీద ఆకులు ఒక్కొక్కటే పెట్టి ఉన్నిదారంతో చుట్టాడు. నేను పక్కన కూర్చుని ఆకులు అందిస్తూ లెక్కపెట్టాను. రెండువందల ఆరు అయ్యాక ఇంకొకటి అడిగాడు.

"దాదాకి ఒకటి ఎక్కువ మాశీమా."

రెండువందల ఏడు. నా ఒళ్లో ఇంకా నూటయాభై మూడు ఆకులు మిగిలాయి. చక్రవర్తి చూస్తూ నిలబడ్డాడు. ఖగేన్ ఆ మిగిలిన ఆకుల్ని చిన్నచిన్నగా మడిచి, ఎముకకీ ఎముకకీ మధ్య, కీలు కీలు దగ్గరా దూర్చడం మొదలుపెట్టాడు. మోకాళ్ల దగ్గర, వేళ్ల కణుపుల దగ్గర, పక్కటెముకల నడుమ.

"పాతకాలంవాళ్లు లెక్క తప్పలేదు మాశీమా," అన్నాడు తల ఎత్తకుండానే. "ప్లేటులో పడనివి కూడా వేసుకున్నట్టున్నారు."

నడుము దగ్గరికి వచ్చేసరికి కండువా మూట విప్పాడు. అందులో హార్మోనియం ఉన్ని బిళ్లలు, ఏనాడో కత్తిరించి మిగిలినవి. చక్రవర్తి అభ్యంతరం చెప్పబోయి ఆగి, "ఉన్నే కదా, దోషం లేదులే," అన్నాడు. ఆయనా ముసలివాడయ్యాడు.

బొమ్మ పూర్తయింది. ఆడవాళ్లు ననీని పట్టుకుని మెట్లు దింపారు. ఆమె వాళ్లని విడిపించుకుని బొమ్మ పక్కన కూర్చుంది. నడుము మీద చెయ్యి పెట్టింది. మెల్లగా, నొప్పెట్టకుండా తడిమినట్టు.

"ఎన్ని?" అంది.

"ఆరు, బౌదీ," అన్నాడు ఖగేన్. "మధ్యలో మెత్తలు కూడా పెట్టాను."

ననీ తల ఊపింది. శంఖు గాజులు తీసేయమన్నట్టు ముంజేతులు రెండూ మాకు అందించింది.

ఆకులు గుప్పున అంటుకుని క్షణంలో అయిపోయాయి. గడ్డి ఇంకాసేపు కాలింది. నడుము దగ్గర ఉన్ని మాత్రం మండక, ఆరక, చాలాసేపు పొగలాడింది. అందరూ స్నానాలకి దిగారు. ఖగేన్ ఆ పొగ ఆగేదాకా అక్కడే, కట్టెపుల్లతో కూడా కదపకుండా, కూర్చున్నాడు.